సగంలో మళ్ళిన తోట

మా తివాచీల సంఘం అధ్యక్షుడు పాండురంగం మా బావ ఫోటోకు దండ వేసి, గొంతు సవరించుకుని, "వెంకట్రాజం గారు చాలా సౌమ్యులు, నోరు తెరిచి ఎవరినీ ఒక మాట అనేవారు కాదు" అన్నాడు. ఎనభై ఆరు మార్చి నెల. కొత్తవాడలోని మా మగ్గాల షెడ్డులో నలభై మందిమి కింద కూర్చుని వింటున్నాం. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా బావ సౌమ్యుడైతే ఓరుగల్లు ఎండను కూడా వెన్నెల అనుకోవచ్చు.

ఆ మనిషికి కోపం ముక్కు మీదే ఉండేది. చాయ్ చల్లారితే కోపం, మరీ వేడిగా ఉంటే కోపం. ఉన్ని రంగు ఒక పిసరు ముదిరిందంటే ఆ ఉండ తీసుకుపోయి అద్దకం వాళ్ళ గుమ్మంలో విసిరి వచ్చేవాడు. ఇదే పాండురంగాన్ని పదిమందిలో నిలబెట్టి "నీ నెత్తిల ఉన్నది మెదడు కాదు, ఉన్ని" అన్నవాడు. నన్నయితే పేరు పెట్టి, ఎర్ర సిరాతో, కాగితం మీద తిట్టాడు. మూడేళ్ళకు పైగా అలాగే తిట్టాడు. పోయినవాణ్ణి పొగడండి, వద్దనను. కానీ ఆయన కోపాన్ని ఆయన దగ్గర నుంచి లాక్కోకండి. అది న్యాయమైన కోపం. దానికి కారణం నేను. నా పేరు సారంగపాణి. ఆయన భార్య శారద నాకు తోడబుట్టిన అక్క.

బావది నక్షా పని. తివాచీ మీద ఏ పువ్వు ఎక్కడ రావాలో గళ్ళ కాగితం మీద రంగులతో గీసి ఇస్తే అదే నక్షా. ఒక గడికి ఒక ముడి. ఆ కాగితాన్ని అడ్డంగా పట్టీలుగా కోసి ఇస్తాడు, మేం ఒక్కో పట్టీ మగ్గానికి కట్టుకుని చూసి ముడులు వేస్తాం. తివాచీ ఎంత పెద్దదైనా నక్షా మాత్రం సగమే ఉంటుంది, ఎడమ సగం. రెండో సగం గీయాల్సిన పని లేదు. మగ్గం మీద ఎడమ పక్క నేను కూర్చుంటాను, కుడి పక్క కట్టయ్య. నేను నా అంచు నుంచి మొదలుపెట్టి "రెండు ఎరుపు, ఐదు పచ్చ, ఒకటి నలుపు" అని పైకి చదువుతాను. కట్టయ్య నక్షా వైపు చూడనే చూడడు. నా మాట వింటూ తన అంచు నుంచి అవే ముడులు వేసుకుంటూ వస్తాడు. ఇద్దరం నడుమ కలుస్తాం. ఇటొక నెమలి ఉంటే అటొక నెమలి, ఇటొక తీగ ఉంటే అటొక తీగ. నడిమి గీత దగ్గర బొమ్మను ఇలా వెనక్కి తిప్పడాన్నే మేం మళ్ళడం అంటాం. మా నాన్న ఇలాగే నేశాడు, తాత ఇలాగే నేశాడు. మా చేతులకు ఇంకో దారి తెలియదు.

ఎనభై రెండు ఎండాకాలంలో ఒక బొంబాయి కంపెనీ ద్వారా అరబ్బుల దేశం నుంచి మాకు ఆర్డరు వచ్చింది. ఎడారిలో తోట బొమ్మతో తివాచీ కావాలట. పాండురంగం ఎక్కడిదో క్యాలెండర్ చింపి తెచ్చి బావ ముందు పెట్టాడు. ఇసుక, ఖర్జూరపు చెట్లు, ఒక ఒంటె.

"చూడంది నేను గియ్య" అన్నాడు బావ.

నాకు నవ్వొచ్చింది. పాతికేళ్ళుగా ఆయన గీసిన పువ్వుల్లో ఒక్కటంటే ఒక్కటి భూమి మీద పూసింది కాదు. "ఇన్నేండ్లు గీసినయన్ని చూసే గీసినవా బావా?" అన్నాను.

"అందుకే సిగ్గయితాంది" అన్నాడు.

అంతకు నెల ముందు ధర్మసాగర్ దిక్కు ఒక పెళ్ళికి పోయి వస్తుంటే ఆయన సైకిల్ పంక్చరైంది. ఆగింది ఒక గుట్ట కింద. తల ఎత్తి చూస్తే ఆ బండల మీద తోట. అది మొగిలమ్మ తోట. డెబ్బై రెండు కరువులో ఉన్న కాస్త చెలక భూమి పోగొట్టుకుని, మొగిలమ్మ మొగుడు మొండయ్యతో కలిసి ఆ గుట్ట మీదికి చేరింది. ఇద్దరూ తట్టలతో మట్టి మోసి బండల సందుల్లో పోశారు. ఎక్కువ నీళ్ళు అడగని మొక్కలు ఏరి పెట్టారు. నాగజెముడు, బ్రహ్మజెముడు, కలబంద, తంగేడు, సీతాఫలం. కిత్తనార మట్టలు నానబెట్టి పీచు తీసి తాళ్ళు పేనేవాళ్ళు, పండ్లు అంగట్లో అమ్మేవాళ్ళు. నాలుగేళ్ళకు మొండయ్య పోయాడు. ఆమె ఒక్కతే మిగిలింది. రాళ్ళకు నీళ్ళు పోసే మొగిలి అని కింది ఊరివాళ్ళు నవ్వుకునేవాళ్ళు. మే నెలలో చుట్టుపక్కలంతా మాడి మసైపోతే, ఆ గుట్ట మాత్రం పసుపు పూలతో, ఎర్రటి జెముడు కాయలతో ఉండేది.

బావ ఒక పలక మీద గళ్ళ కాగితం బిగించుకుని, సైకిల్ వేసుకుని అక్కడికి పోయాడు. మా రంగులు కొన్న రంగులు కావు. అద్దకం రంగుల్లోనే తుమ్మబంక కలిపి గీసేవాడు. కలపడానికి నీళ్ళు కావాలి కదా, అక్కడే ఉన్న కుండలో చెంబు ముంచబోయాడట.

"ఓ అయ్యా! గా కుండ ముట్టకు" అని మొగిలమ్మ బండల మీద నుంచి అరిచింది. "కోసు దూరంకెళ్ళి మోసిన. నువ్వు బొమ్మలు గీసుకునెటందుకా?"

"రెండు చెంబులే గదనే."

"రెండు చెంబులంటే రెండు చెట్లు. ఏ రెండు సావాల్నో నువ్వే చెప్పు."

బావకు ఎదురు మాట్లాడి నిలబడిన మనిషిని నేను అంతవరకు వినలేదు. మరునాటి నుంచి ఆయన దూరపు బావిలో ఒక కుండ ముంచుకుని, నెత్తిన పెట్టుకుని గుట్ట ఎక్కేవాడు. అందులో ముప్పావు ఆమె చెట్లకు, పావు ఆయన రంగులకు. ఇంట్లో అక్కకు ఏనాడూ ఒక్క బిందె ఎత్తివ్వని మనిషి! ఈ సంగతి చెవిన పడ్డాక అక్క రెండు రోజులు గిన్నెలు గట్టిగా పెట్టింది.

ఒకరోజు సద్ది ఇవ్వడానికి నేను పోయాను. బండ మీద చెయ్యి పెడితే పొక్కులొచ్చేలా ఉంది. ముంచిన రంగు కాగితం చేరేలోపే కుంచె మీద ఎండిపోతోంది. తలకు తడిబట్ట చుట్టుకుని, ఒక కన్ను మూసి, ఆయన బ్రహ్మజెముడు నీడతో తగాదా పడుతున్నాడు.

"పొద్దుగాల గా బండ మీదుంటివి గదనే! ఇటెందుకొచ్చినవ్?"

నన్ను చూసి కాగితం ముందుకు తోశాడు. "సూడు. ఇన్నేండ్లు మనం దీన్ని పచ్చ అనుకున్నం. ఇది పచ్చనా? బూడిదల పచ్చ. అంచుకు ఊదా. కాయ కింద ఇంకో తీరు. నా కండ్లు ఇన్నొద్దులు ఏడ వోయినయిరా?" నన్ను తిడుతున్నాడో తనను తిట్టుకుంటున్నాడో తెలియలేదు. ఆ నక్షా కోసం అద్దకం వాళ్ళతో పదకొండు రకాల పచ్చ రంగులు వేయించాడు. వాళ్ళు చేతులెత్తి దండం పెట్టారు.

గుట్టకు కుడి వైపున ఒక పెద్ద కిత్తనార ఉండేది. మొండయ్య ఆ గుట్ట మీద మొట్టమొదట పెట్టిన మొక్క అదే. కిత్తనార బతుకు మొత్తంలో ఒక్కసారే పూస్తుంది, పూసి చచ్చిపోతుంది. పదేళ్ళకు, సరిగ్గా ఆ ఎండాకాలంలో, దాని నడుమ నుంచి పూల గెడ లేచింది. రోజుకు జానెడు పెరుగుతోంది. అది పూసేదాకా కుడి సగంలో ఆ చోటు ఖాళీగా ఉంచి బావ మిగతా గుట్టంతా గీశాడు.

ఆ రోజుల్లోనే మొగిలమ్మ అసలు సంగతి బయటపెట్టింది. కంకర మిషన్ పెడతానని ఎవరో కాంట్రాక్టరు ఆ గుట్ట అడుగుతున్నాడు. ఊరి పట్వారి తన భూముల లెక్కలో, పహాణీలో, బండలు, సాగు లేదు అని రాసి ఉంచాడు. ఆమె దగ్గర ఒక్క కాగితం లేదు.

"పదేండ్లు నా నడుము వడిపోయింది. వాడు ఒక్కపారి గుట్టెక్కి చూడలె, సాగు లేదట!" అంది. "నువ్వు గీత్తానవ్ గదా. అన్ని గియ్యి. ఒక్క రాయి ఇడువకు."

బావకు కావలసింది అదే. తివాచీని అరబ్బులకు పంపే ముందు కార్తీకంలో ఊళ్ళో ప్రదర్శన పెడతారు, ప్రారంభానికి జిల్లా ఆఫీసరు వస్తాడు, భూముల ఫైళ్ళు ఆయన చేతిలోనే ఉంటాయి. "గాయన ముందట పరుస్త. నువ్వు పక్కన నిలబడి గిది నా గుట్ట, గిది నా మొగుడు పెట్టిన చెట్టు అని చూపియ్యి. కాదని ఎవడంటడో నేను చూస్త" అన్నాడు. ఒక ఫోటో తీయిస్తే పోయేది కదా అని మీరనవచ్చు, అప్పుడు నేనూ అన్నాను. నలుపు తెలుపు ఫోటోలో బండకూ జెముడుకూ తేడా ఏముంటుందిరా అని కసిరాడు. కిత్తనార పూసింది. రెండు నిలువుల ఎత్తు, కొమ్మ కొమ్మకూ లేత పసుపు గుత్తులు. తొమ్మిది రోజులు కూర్చుని ఖాళీ గళ్ళన్నీ నింపాడు. మా షెడ్డు పుట్టినప్పటి నుంచి రెండు సగాలూ గీసిన నక్షా అదొక్కటే.

ఇక్కడ ఒంటె అడ్డొచ్చింది.

"మంచిగుంది వెంకట్రాజం. గని ఎడారి అన్నంక ఒంటె లేకుంటె ఎట్ల?" అన్నాడు పాండురంగం.

"ధర్మసాగర్ గుట్ట మీదికి ఒంటె ఎవని పెండ్లికొస్తదయా?"

"కొనెటోళ్ళు అరబ్బులు. వాళ్ళ సంతోషానికి ఒక్కటి పెట్టరాదు?"

ఉన్ని, మెదడు అన్న మాట ఆ రోజుదే. మాట మాట పెరిగింది. తివాచీ మగ్గం దిగేదాకా ఈ షెడ్డు గడప తొక్కనని బావ ఒట్టు పెట్టుకుని పోయాడు. మరునాడు అక్క రెండు కట్టలు తెచ్చి నా చేతికిచ్చింది, ఒకటి నీలం దారంతో కట్టింది, ఒకటి ఎర్ర దారంతో కట్టింది. "రెండు ఇయ్యుమన్నడు. ముందుగాల నీలంది ఇప్పుమన్నడు" అంది. అంతే చెప్పింది, ఆయన ఆమెకు చెప్పి పంపింది అంతే.

పెద్ద తివాచీ అయితే నక్షా నెలల తరబడి మా చేతుల్లో నలిగి మాసిపోతుంది. అందుకని బావ అప్పుడప్పుడు రెండో ప్రతి కూడా ఇచ్చేవాడు. ఎర్ర దారం కట్ట ఆ రెండో ప్రతే అనుకున్నాను. విప్పలేదు. మగ్గం పై దూలం మీద పెట్టేశాను. గుట్ట మీద ఆయన గీస్తుంటే నా కళ్ళతో చూసి వచ్చినవాణ్ణి, కుడి పక్క కిత్తనార లేస్తోందని విన్నవాణ్ణి. మగ్గం మీద కూర్చున్నాక అదేదీ గుర్తు రాలేదు. నా నోరు చదివింది, కట్టయ్య చేతులు విన్నాయి. నడిమికి రాగానే మళ్ళాం. అయిదు నెలలు, ప్రతి వరసలో మళ్ళాం.

ఒక్కసారి మాత్రం కట్టయ్య, "సారంగన్నా, గిదేం తోటనే? నడుమల రెండు బండలు ముద్దు పెట్టుకున్నట్టున్నయ్" అన్నాడు.

"నీకెందుకురా, చెప్పింది కట్టు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ప్రదర్శన రోజున బావ ఉతికిన ధోవతి కట్టుకుని వచ్చాడు. వెంట మొగిలమ్మ, కొత్త రవికె తొడుక్కుని, తలకు నూనె రాసుకుని ఉంది. తివాచీని గోడకు వేలాడదీసి, మీద దుప్పటి కప్పారు. ఆఫీసరు దుప్పటి లాగాడు. చప్పట్లు. నేను తివాచీ వైపు చూడలేదు, బావ మొహం చూస్తున్నాను, మెచ్చుకుంటాడని. ఆ మొహంలో రక్తం దిగిపోవడం చూశాను.

మొగిలమ్మకు అదేమీ తెలియదు. ముందుకు నడిచింది. "సారూ, గిది నా గుట్ట. గీ జెముడు నేను పెట్టిన. గీ సీతాఫలం..." అని ఎడమ పక్కంతా వేలితో చూపించింది. నడుమ దాటి కుడికి వచ్చింది. వేలు ఆగిపోయింది. "కిత్తనార ఏది?" అంది. మళ్ళీ అదే జెముడు, అదే సీతాఫలం. వెనక్కి తిరిగి బావను అడిగింది, "అయ్యా, కిత్తనార ఏది?"

ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ఇటు చూశాడు, అటు చూశాడు. "అమ్మా, దేవుడు కూడా ఇటూ అటూ ఒకే తీరుగా గుట్టను చెయ్యడు. ఇది డిజైను. ఎవరో ఊహించి గీసింది" అన్నాడు. పాండురంగం నవ్వాడు. ఆయన నవ్వాడని చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. మొగిలమ్మ ఏడవలేదు. బావ వైపు చూసి, "నువ్వు సుత గంతేనా?" అని, అందరి మధ్య నుంచి బయటికి పోయింది.

ఆఫీసరు తరువాతి బల్ల దగ్గరికి నడిచాడు. నేను షెడ్డుకు పరిగెత్తాను. దూలం మీద నుంచి ఎర్ర దారం కట్ట తీసి విప్పాను. రంగులు నిన్న గీసినట్టే ఉన్నాయి. మొదటి పట్టీ అంచున బావ పెన్సిలుతో రాసిన మాట ఉంది. "బామ్మర్దీ, ఇది కుడి దిక్కు. అలవాటుల వడి మళ్ళేవు, జర పైలం."

ఆయన జన్మలో నాతో అంత మెత్తగా మాట్లాడింది అదొక్కసారే. అది కూడా నేను చదవలేదు.

బావ ఆ పట్టీలు పట్టుకుని మూడు రోజులు ఆఫీసు వరండాలో కూర్చున్నాడు. గళ్ళ కాగితం ముక్కలు ఏం సాక్ష్యమని లోపలికి రానివ్వలేదు. మాఘంలో గుట్ట మీద మొదటి మందుగుండు పేలింది. తివాచీ అరబ్బులకు తెగ నచ్చిందని, ఇంకో నాలుగు కావాలని ఉత్తరం వచ్చింది. ఆ నాలుగింటిలో పాండురంగం వేరేవాడితో ఒంటెను గీయించాడు. సగం నక్షాయే కాబట్టి ఇటొకటి, అటొకటి, రెండు ఒంటెలు.

బావ నన్ను కొట్టలేదు, కొడితే బాగుండేది. నాతో మాట మానేశాడు. ఆ తరువాత ఆయన చేసిన ప్రతి నక్షాకూ, మామూలు పూలతీగ నక్షాకు కూడా, నడిమి గీత మీద ఎర్ర సిరాతో ఒక మాట రాసి పంపేవాడు. "సారంగపాణీ, మళ్ళకు." మళ్ళాల్సిన నక్షాలే అవన్నీ, మళ్ళకపోతే కుదరదు. రోజూ ఆ మాట ముందు కూర్చుని మళ్ళేవాణ్ణి. షెడ్డులో అందరూ చదివేవాళ్ళు. నాకూ కోపం వచ్చేది. తప్పు నాదే, కాదనను. కానీ అయిదు నెలల్లో ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒంటెనూ ఒట్టునూ పక్కన పెట్టి గడప దాటి మగ్గం వైపు చూసి ఉంటే? కిత్తనార మీద ఉన్న ప్రేమ ఆయన కోపం కంటే ఒక వేలెడు ఎక్కువై ఉంటే? ఈ మాట ఆయన మొహం మీద అనాలని మూడేళ్ళు దాచుకున్నాను. అనకముందే పోయాడు.

సంతాప సభ అయిపోయాక అక్క నన్ను ఇంటికి పిలిచి ట్రంకు పెట్టె తెరిచింది. ఎర్ర దారం కట్ట తీసి నా ఒళ్ళో పడేసింది. "పారెయ్యలె, నీకియ్యమని కూడ అనలె. నువ్వే తీస్కపో. నాకు చూడబుద్ధి కాదు" అంది.

నేనూ కట్టయ్యా పని గంటలు అయిపోయాక, మా సొంత ఉన్నితో, ఆ కుడి సగం నేశాం. ఈసారి పట్టీని కట్టయ్యకు కూడా చూపించాను. "ఇటు నేను చూసేది వేరు, అటు నువ్వు చూసేది వేరు" అని చెప్పాను. నడిమికి వచ్చిన ప్రతిసారీ చేతులు వెనక్కి తిరగబోయేవి. తిట్టి ముందుకు నడిపేవాణ్ణి. మూడు నెలలు పట్టింది. కిత్తనార గెడ తివాచీ పై అంచు దాకా లేచి పూసింది.

చుట్టి సైకిల్ మీద కట్టుకుని ధర్మసాగర్ దిక్కు పోయాను. గుట్ట సగానికి వచ్చింది. కంకర మిషన్ మోతకు చెవులు పనిచేయడం లేదు. మొగిలమ్మ తట్టలో కంకర మోస్తోంది, అదే గుట్ట కంకర, కూలికి. నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాను, బావ పోయాడని చెప్పాను, తప్పు ఆయనది కాదు నాదని చెప్పాను. తివాచీ విప్పి పట్టుకున్నాను.

ఆమె తట్ట దించింది. చాలాసేపు చూసింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, కిత్తనార మొదట్లో ఒక్క వేలు ఆనించింది.

"మా మొండయ్య పెట్టిండు" అంది. తరువాత నా మొహంలోకి చూసింది. "చూపియ్యవల్సిన నాడు సగం జూపితిరి. మిగిలిన సగం ఇప్పుడు ఎవలకు జూపాలె?"

"నీ కోసమే నేసిన, ఉంచుకో అమ్మా" అన్నాను.

"ఏడ పరువాలె?" అంది. తట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది. "తీస్కపో. దుమ్ము వడ్తాంది."

నిజమే, మిషన్ నుంచి వచ్చే తెల్లటి దుమ్ము అప్పటికే పూల మీద పరుచుకుంది. చుట్టి ఇంటికి తెచ్చాను. మా ఆవిడ ఎండలో వేసి దులపబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఎందుకని అడిగింది. ఆ దుమ్ము మొగిలమ్మ గుట్ట అని చెప్పాను.